శుభ్రం చేసిన రాయి

2022లో, అరవవాళ్ళ ఆడి మాసం ముగిసిన తరువాతి మొదటి సోమవారం, తమిళనాడు ధర్మపురిలోని మా కాలేజీ జువాలజీ ల్యాబుకు ఒక రాయి వచ్చింది. కాలేజీ పేరు రాయను. అరచేతిలో ఇమిడే బూడిదరంగు పలక అది. దాని మీద వేలికణుపంత జీవి అచ్చు ఒకటుంది. నేను ఆ ల్యాబులో అటెండర్‌ని. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నా చేతుల మీదుగా ఎన్నో వేల ప్రాణులు పోయాయి. ఒక్కటీ నా నిద్ర చెడగొట్టలేదు. ఎప్పుడో చచ్చి రాయైపోయిన ఈ ఒక్కటి చెడగొట్టింది. ఎందుకో రాస్తాను.

ముందు నా పని గురించి నాలుగు మాటలు. సోగత్తూరులో మాది మేస్త్రీల కుటుంబం. మా నాన్న, అన్నలు గోడలు కట్టారు. నేను కాలేజీలో ఊడ్చే పనికి చేరాను. ల్యాబు ఊడ్చేటప్పుడు చీపురు ఆపి, పిల్లలు ప్రాణుల్ని కోస్తుంటే చూసేదాన్ని. దాన్ని డిసెక్షన్ అంటారు. అందులో రొయ్య నాడీమండలం కష్టమైనది. రొయ్యను మైనం పోసిన పళ్ళెంలో సూదులతో గుచ్చి, వీపు కత్తిరించి, కండ తీసి, పేగు తీసి, అట్టడుగుకు పోవాలి. అక్కడ పొట్టవైపున దారంకంటే సన్నగా, తెల్లగా నరం ఉంటుంది. జంటగా సాగే రెండు పోగులు, వాటి మీద వరసగా ముడులు. ఆ ముడులను గాంగ్లియాన్ అంటారు. తలలో ఉండే పెద్ద ముడి దాని మెదడు. అక్కడి నుంచి రెండు పోగులు కళ్ళకు పోతాయి. నరం కింద నల్లకాగితం ముక్క జారిస్తే తెల్లటి నరం దీపంలా కనబడుతుంది. నరం తెగిందా, మార్కులు తెగినట్టే.

పాత అటెండరు రిటైరైన ఏడు పరీక్ష నాడు నమూనా కోసేవాళ్ళు లేక సార్లు తలలు పట్టుకుంటే నేను చీపురు గోడకానించి, "నేను కోస్తాను" అన్నాను. నవ్వారు. కోసి చూపించాను. మరుసటి ఏడు నా చేతికి సూదుల పెట్టె ఇచ్చారు. ఆఫీసు గుమస్తా ఒకాయన మాత్రం రిటైరయ్యేదాకా నన్ను చూసి, "రొయ్యల డాక్టరమ్మ వచ్చింది, దోవ వదలండి" అనేవాడు. నాకది పొగడ్తలాగే వినిపించేది.

కోసేటప్పుడు ఏముందో తెలియాలని చదవడం మొదలుపెట్టాను. జిల్లా గ్రంథాలయంలో అరవం పుస్తకాలు ముందు, తరువాత పదకోశం పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. మాట్లాడేది తెలుగే అయినా తెలుగు లిపి మా ఇంట్లో ఎవరికీ రాదు. అది కూడా అక్కడే, ఒక మూల బీరువాలో దొరికిన బాలశిక్షతో నేర్చుకున్నాను. శనివారం సాయంత్రాలు నాకు గుడి అదే. తలుపు మూసేటప్పుడు లైబ్రేరియన్ నన్ను పేరు పెట్టి లేపేవాడు.

తరువాత కాలం మారింది. ప్రాణుల్ని కోయించే ప్రాక్టికల్స్ చాలావరకు నిలిపేశారు. బొమ్మలు, కంప్యూటరు తెరలు వచ్చాయి. ఆపింది మంచికే, నేను కాదనను. కానీ ఇరవై ఏళ్ళు పదును పెట్టిన చెయ్యి ఒక్కసారిగా పని లేక కూర్చుంది. సూదులకు నెలకొకసారి నూనె రాసి మళ్ళీ పెట్టెలో పెట్టేదాన్ని. అప్పుడే గ్రంథాలయంలో ఒక సైన్సు పత్రికలో చదివాను. రొయ్య, తేలు, పురుగు, జెర్రి, ఇలాంటి కీళ్ళకాళ్ళ జీవుల పూర్వీకులు కోట్ల ఏళ్ళ కిందట సముద్రపు బురదలో కూరుకుపోయి రాయైతే, ఆ రాతిలో పెంకే కాదు, ఎప్పుడో ఒకచోట నరం కూడా మిగులుతుందట. చచ్చిన వెంటనే అన్నిటికంటే ముందు కుళ్ళేది నరమే కదా, అది ఎట్లా మిగులుతుందని పెద్ద పెద్దవాళ్ళే చాలా కాలం నమ్మలేదు. కానీ కొన్ని పలకల మీద నల్లటి బొగ్గు మరకలా, తుప్పు మరకలా తల నుంచి తోక దాకా గీత కనబడింది. ఆ గీత నిజంగా నరమే అయితే, ఆ జీవి మెదడు ఎన్ని ముడులు కలిసి ఏర్పడిందో, దాని కంటికి తీగ ఎటు నుంచి పోయిందో, అది తేలుకు చుట్టమో రొయ్యకు చుట్టమో చెప్పవచ్చు. చచ్చినవాడి ఇంటి గోడలే కాదు, ఆ ఇంట్లో ఏం తలచుకునేవాడో కూడా కొంచెం తెలిసినట్టు.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. నలిగి చదునైపోయిన జీవిలో నరమూ పేగూ రెండూ నడిమధ్యలోనే పడతాయి. మరక నరమో, పేగులో మిగిలిన బురదో, కుళ్ళినప్పుడు పెరిగిన సూక్ష్మజీవుల పొరో ఎవరు చెప్పాలి? అందుకే పరిశోధకులు గీతను చూసి ఆగరు. గీత పక్కన ఏముందో, కొమ్మలెటు పోయాయో, కంటిని అందుకున్నాయో లేదో చూస్తారు. పేగు కంటికి పోదు కదా. ఇదంతా నేను చదివాను. వాక్యం వాక్యం అర్థమైంది కూడా. అర్థమైన మాట చేతికి దిగలేదు.

ఆ రాయిని తెచ్చినది కౌసల్య. కంబైనల్లూరులో నూనె కొట్టు నడిపే తెలుగు కోమటింటి పిల్ల, మా హెడ్ సారు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. నాలుగేళ్ళు రొయ్య జాతుల మీద ఏదో చేసింది, అది కుదరలేదు. మిగిలిన గడువు ఆరు నెలలే. ఆ సమయంలో ఆమెకు డిగ్రీలో పాఠం చెప్పిన పాత మాస్టారొకాయన మంచంలో ఉండి, తాను వయసులో ఉన్నప్పుడు హిమాలయాల లోయలో ఏరుకున్న ఈ పలకను ఆమె చేతిలో పెట్టాడు. నెల తిరగకుండానే పోయాడు. ఇలాంటి పలకను చీల్చినప్పుడు జీవి రెండు ముక్కల మీదా అచ్చు పడుతుంది, పుస్తకం తెరిచినట్టు. రెండో ముక్కను కౌంటర్‌పార్ట్ అంటారు. అది ఆ మాస్టారి స్నేహితుడి దగ్గర, వేరే ఊళ్ళోని ఒక పరిశోధన సంస్థలో ఉంది.

మైక్రోస్కోపు కింద పెట్టి మొదట తను చూసి, నన్ను పిలిచింది.

"సరోజక్కా, బిర్న రా. ఇది ఏమనిపిస్తాది నీకు?"

చూశాను. పెంకు గీతలు, రెండు కళ్ళ గుంటలు, నడిమధ్యన మసకగా ఒక నల్లచార.

"నరం మాదిరి ఉండాది పాపా."

"నీకూ అట్లే అనిపిస్తాదా? నేను ఆశతో చూస్తా ఉన్నానేమో అని భయమైపోయింది." నా భుజం పట్టుకుని ఊపింది. "ఇది నరమైతే అక్కా, మన దేశంలో దొరికిన రాయిలో ఇంతవరకు ఎవురూ చూపించినట్టు నేను చదవలేదు. హెడ్ సారు కూడా నోరు తెరుస్తాడు."

"ఆయన నోరు తెరిస్తే మూసేదెవురు?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రోజు దాన్ని ఫోనుతో రెండు ఫోటోలు తీసుకుంది. మరుసటి రోజు వాళ్ళక్కకు కాన్పు నొప్పులని ఊరి నుంచి ఫోను వచ్చింది. పోతూ పోతూ నాకు అప్పగించింది. "దుమ్ము మాత్రం తియ్యక్కా. మెత్తని బ్రష్షు తప్ప ఇంకేమీ తగలకూడదు. నేను వచ్చినంక మంచి కెమెరాతో ఫోటోలు తీస్తాం."

"నాకు చెప్పాల్నా?" అన్నాను.

మొదటి మధ్యాహ్నం బ్రష్షుతోనే తుడిచాను. తుడిచిన తరువాత మైక్రోస్కోపులో చూస్తే చారకు రెండు పక్కలా నీడల్లాంటి మరకలు ఉన్నాయి. ఒక లెక్క లేదు, ఒక వరస లేదు. ఒకచోట మందం, ఒకచోట పలచన. బాగా కోయడం రాని పిల్లవాడు నరం పక్కన కండ వదిలేసినట్టు అనిపించింది. నా చెయ్యి పెట్టె వైపు పోయింది. అట్టడుగున ఉన్న సన్నటి సూది తీశాను. ఒక్క మరక అంచును తాకి చూశాను. పొడిలా లేచివచ్చింది. అంత సులభంగా వచ్చిందంటే చెత్తే అనుకున్నాను. నోటితో ఉఫ్ అని ఊదాను.

రెండో మధ్యాహ్నం నడుము భాగమంతా చేశాను. నరం జంటగా ఉండాలి కదా. ఈ చార చాలాచోట్ల ఒక్కటిగా, లావుగా ఉంది. రెండు పోగులూ అతుక్కుపోయి ఉంటాయని అనుకుని నడిమికి సూది మొనతో వెంట్రుకంత సందు తీశాను. ముడులు ఉండాల్సిన చోట ఉంచి, మిగిలిన చోట సన్నం చేశాను. మూడో మధ్యాహ్నం తల. అక్కడే మరకలు మరీ ఎక్కువ, మబ్బు కమ్మినట్టు. గుండ్రటి ముడి ఒక్కటి మిగిలేదాకా శుభ్రం చేశాను. చెమట రాయి మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకున్నాను. ఆ మూడు రోజులూ నాకు ఆకలి గుర్తుకు రాలేదు. చాలా ఏళ్ళ తరువాత నా చేతికి పని దొరికింది. ఇంతకంటే నిజమైన కారణం ఏదైనా ఉందేమో అని ఎంత వెతికినా నాకు దొరకలేదు.

కౌసల్య తిరిగి వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు కళ్ళలో నీళ్ళు.

"అక్కా, ఇంత బాగుందా ఇది? ఆ పొద్దు ఇట్లా కనబడలేదే!"

"దుమ్ము ఉండె కదా."

"నువ్వు ఇంకేమీ చెయ్యలేదు కదా?"

"ఏం చేస్తాను? చుమ్మా బ్రష్షుతో తుడిచినానంతే."

ఈ ఒక్క మాట ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గు. భయంతో అనలేదు. రాయే తనంతట తాను అంత అందంగా ఉందని, నా చూపు మొదటే దాన్ని కనిపెట్టిందని ఆమె అనుకోవాలని అన్నాను.

తరువాత మూడు నెలలు పండగే. ఫోటోలు గోడకెక్కాయి. వ్యాసం రాశారు, పత్రికకు పంపారు. హెడ్ సారు వచ్చినవాళ్ళనల్లా ల్యాబుకు తీసుకొచ్చి చూపించారు. నేను కూడా ఫోటో పక్కన నిలబడి, అడిగినవాళ్ళకు ఇది మెదడు, ఇది పొట్టనరం అని వివరించాను. ఒక విద్యార్థి, "అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉందే" అన్నాడు. మేమంతా సంతోషించాం. అక్కడే ఒళ్ళు జలదరించి ఉండాల్సింది.

పత్రికవాళ్ళు వ్యాసాన్ని కౌంటర్‌పార్ట్ ఉన్న సంస్థకు పంపి అభిప్రాయం అడిగారు. వాళ్ళు తమ దగ్గరి ముక్కను తీసి మా ఫోటో పక్కన పెట్టుకున్నారు. ఆ ముక్క తల వైపు ఎప్పుడో విరిగిపోయింది, మొండెం మాత్రం ఉంది. మొండెం మీద ఉన్నది లావాటి ఒకే చార, దానికి రెండు పక్కలా వరసలేని మరకలు. మాది జంట పోగు, శుభ్రమైన ముడులు. ఒకే పుస్తకంలో ఎదురెదురు పుటలు రెండు కథలు చెప్పవు. మా ఫోటోను పెద్దది చేసి చూస్తే పోగుల నడిమి సందులో సూది గీతలు, కొత్తవి, తెల్లగా మెరుస్తూ. ఉత్తరం నేరుగా ప్రిన్సిపాలుకు వచ్చింది. అందులో ఉన్న మాట "చెక్కారు" అని.

రాయి కౌసల్య ఆధీనంలో ఉంది. వ్యాసం మీద మొదటి పేరు కౌసల్యది. గడువు దగ్గరపడింది కూడా ఆమెకే. ఫోనులో ఉన్న పాత ఫోటోలను ఆమే తెచ్చి చూపించింది, తనను కాపాడతాయని. అవి ఇంకా ముంచాయి. ముందు మసక, తరువాత స్పష్టం. విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. తేలేదాకా కౌసల్యను ల్యాబుకు రావద్దన్నారు.

తొమ్మిది రోజులు నేను నోరు విప్పలేదు. రోజూ గాజు సామాను కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. గాజుగొట్టం పగిలితే మొదట అటెండరునే పిలిచే కాలేజీ, ఈ విషయంలో నన్ను తలచుకోనేలేదు. ఇంతటి తప్పు చేయడానికి కావలసిన తెలివి నాకుంటుందని వాళ్ళకు తోచలేదు.

పదో రోజు సాయంత్రం కౌసల్య సోగత్తూరులో మా ఇంటికి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. మంచినీళ్ళు ఇచ్చాను, తాగలేదు. సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసింది.

"అక్కా, దీన్ని చదివి కింద సంతకం చెయ్యి. నువ్వు బ్రష్షుతోనే తుడిచినావని, రాయి వచ్చినప్పుడే అట్లా ఉండిందని. అంతే."

"వచ్చినప్పుడే అంటే..."

"మాస్టారు చేసినాడు. ఇంకెవురు చేసుంటారు?" కాగితాన్ని నా చేతిలో పెట్టింది. "ముందు ఫోటోల్లో లైటు సరిగా లేదని చెప్తాను. ఆయన చచ్చిపోయినాడక్కా. ఆయనకు ఇప్పుడు పోయేదేముంది? నాకు ఆయన దేవుడు మాదిరి. అయినా రాసినాను. మూడు రాత్రులు కూర్చొని రాసినాను."

కాగితం నా చేతిలో ఉంది. నేను చెప్పిన అబద్ధాన్నే టైపు చేయించి, నా పేరు కింద చుక్కలు పెట్టి తెచ్చింది. పైన చచ్చిపోయినాయన పేరు.

"ఆయన కాదు పాపా."

"నీకెట్లా తెలుసు?"

"నేను చేసినాను. సూదితో. నువ్వు ఊరికి పోయిన మూడు దినాలూ."

ఆమె నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. చాలా నెమ్మదిగా, పాఠం అడిగినట్టు అడిగింది.

"పక్కన మరకలుండెనా?"

"ఉండె."

"వాటినేం చేసినావు?"

"గీకినాను. చెత్త అనుకొని."

"నన్ను అడగాల్సింది అక్కా. ఒక్క ఫోను. కాన్పు ఆసుపత్రి వరండాలో చుమ్మా కూర్చొని ఉంటిని." కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని నిలువునా చింపింది. "ఒక్క దినం ఆలస్యమై ఉంటే ఆయన పేరు నేను పాడు చేసి ఉందును. నాతో ఆ పని కూడా చేయిస్తా ఉంటివి."

చెప్పుల కోసం గడప దగ్గర తడుముకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు నేనే వెళ్ళి కమిటీ ముందు నిలబడ్డాను. హెడ్ సారు, ప్రిన్సిపాలు, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఒక మేడం. మాటలన్నీ అరవంలో జరిగాయి, తెలుగులో రాస్తున్నాను. నేను చెప్పినదంతా విని హెడ్ సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సరోజా, నీకు ఆ అమ్మాయి అంటే ఇష్టమని అందరికీ తెలుసు. ఇద్దరిదీ ఒకే భాష. ఎవరు చెప్పమన్నారు నీకు?"

"ఎవరూ చెప్పమనలేదు సార్."

"గాంగ్లియాన్ ఎక్కడెక్కడ ఉండాలో తెలిసినవాళ్ళు చేసిన పని ఇది. ఊడ్చే పనికి వచ్చినదానివి నువ్వు. ఎక్కడ నేర్చుకున్నావు?"

"తమ ల్యాబులోనే సార్. మిగతాది గ్రంథాలయంలో."

ప్రిన్సిపాలు నవ్వు ఆపుకున్నాడు. ఆ మేడం నవ్వలేదు. "రొయ్య నాడీమండలం చెప్పు" అంది. చెప్పాను. "చెప్పడానికేం, బట్టీ పట్టి కూడా చెప్పవచ్చు. చేసి చూపించగలవా?"

హెడ్ సారు అడ్డుపడ్డాడు. "ఇక్కడ కోయకూడదు మేడం, నిబంధన ఉంది."

"కూరకు తెచ్చిన రొయ్య అనుకోండి" అంది ఆమె.

మార్కెట్ నుంచి మంచులో పెట్టిన రొయ్యలు నాలుగు వచ్చాయి. ధర్మపురికి సముద్రం దూరం, రొయ్య ఎప్పుడూ ఒక రోజు పాతదే దొరుకుతుంది. నరం అప్పటికే మెత్తబడుతూ ఉంటుంది, కాబట్టి చెయ్యి తొందరపడాలి. మొదటిదే సరిపోయింది. వాళ్ళ కాఫీలు చల్లారేలోపు నరం మొత్తం, మెదడు నుంచి తోక దాకా, ఒక్క పోగు తెగకుండా, నల్లకాగితం మీద పడుకోబెట్టాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కోయలేదు. తల ఎత్తి చూస్తే ఎవరూ పొగడలేదు. నేరం రుజువైంది.

మేడం పళ్ళెం మీదికి వంగి చూసింది. "ఈ నరం కనబడటానికి ఏమేం తీశావు?"

"కండ. పేగు. కాలేయం. గుండె."

"అవన్నీ ఎక్కడున్నాయి?"

"ఇదిగో, గిన్నెలో."

"నేను నమ్మకపోతే ఆ గిన్నెలో వెతుక్కోవచ్చు. మరొక రొయ్యను కోసి చూసుకోవచ్చు. రాయికి ఆ గిన్నె ఏది?"

"ఊదేశాను మేడం."

ఆమె కలం మూత పెట్టింది.

కౌసల్య చెక్కలేదని తేల్చారు. నమూనాను జాగ్రత్త చేయలేదని రాశారు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. రాయి సాక్ష్యంగా పనికిరాదన్నారు. గడువు పెంచమని ఆమె పెట్టుకున్న అర్జీ ఒప్పుకోలేదు. నాకు మెమో ఇచ్చి, ల్యాబు నుంచి రికార్డు గదికి మార్చారు. మెమో కంటే పెద్ద శిక్ష పడుతుందని నేను ఎదురుచూశాను. పడలేదు. అది పడవలసిన నా మీద పడలేదు, పడకూడని పిల్ల మీద పడింది.

మరుసటి ఏడు మార్చిలో కౌసల్య సర్టిఫికెట్లు తీసుకోవడానికి కాలేజీకి వచ్చింది. తొప్పూరు దగ్గర ఒక స్కూల్లో సైన్సు టీచరుగా చేరిందని అప్పటికే విన్నాను. రికార్డు గది తలుపు దగ్గర నిలబడి, "అక్కా, పది నిమిషాలు ఉండాదా?" అంది. నా ఎదురుగా కూర్చుని తెల్లకాగితం, పెన్సిలు బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు ఎవురికీ చూపించేదానికి కాదు. నాకోసరం అడుగుతాను. ఆ రెండో ముక్కకు తల లేదు. తల ఉండింది మన రాయి మీదే. ఫోను ఫోటోల్లో అది మసక. నేను ఒక్కసారి, తొందరలో చూసినాను. సూది పెట్టకముందు దాన్ని సావకాశంగా చూసింది లోకంలో నువ్వొక్కదానివే. తల దగ్గిర మరకలు ఎట్లా ఉండెనో గియ్యి. కంటి దాకా పోయినాయా, పోలేదా? అంతే నాకు తెలవాల. పోయి ఉంటే అది నరం. నేను పొరపాటు పడలేదు. పోకుంటే పేగు. ఏదైనా సరే, తెలిస్తే నేను నిద్రపోతాను."

పెన్సిలు తీసుకున్నాను. పెంకు గీశాను. కళ్ళ గుంటలు రెండు గీశాను. అవి బాగా గుర్తున్నాయి. నడిమి చార గీశాను. తలలో మబ్బు లాంటి మరక మొదలుపెట్టాను. నా చెయ్యి ఆగకుండా అక్కడి నుంచి ఎడమ కంటి వైపు ఒక పోగు లాగింది. చాలా తేలికగా, చాలా అందంగా లాగింది. అప్పుడు ఆపాను. ఆ పోగును నేను రాయిలో చూశానా? రొయ్యలో చూశాను, కొన్ని వేలసార్లు. గ్రంథాలయంలో పటాల్లో చూశాను. కళ్ళు మూసుకుని రాయిని తలచుకుంటే రాయి రాదు, పటం వస్తుంది. నేను గీకింది రాతి మీద మాత్రమే కాదు.

"పోయినాయి కదా?" అంది కౌసల్య. ముందుకు వంగి ఉంది. "కంటి దాకా గీసినావు."

ఔనని ఒక్క మాట అంటే చాలు. ఆమె నిద్రపోతుంది. నేను కూడా ఆమెకు కొంచెం ఏదో తిరిగి ఇచ్చినదాన్ని అవుతాను. రుజువు అడిగేవాళ్ళు లేరు, తప్పని చెప్పగల రాయి లేదు.

"తెలీదు పాపా" అన్నాను. "ఇది నా చెయ్యి గీసింది. నేను చూసినానో లేదో నాకు తెలీదు."

ఆమె కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. రబ్బరు ఉందా అని అడిగింది. సొరుగులోంచి తీసి ఇచ్చాను. ఆ పోగును తనే చెరిపింది, కంటి గుంట దాకా, జాగ్రత్తగా. మిగిలిన బొమ్మను మడిచి సంచిలో పెట్టుకుంది. వచ్చినప్పటికంటే నెమ్మదిగా వెళ్ళిపోయింది.

నేను పోయిన ఏడు రిటైరయ్యాను. ఇప్పటికీ శనివారాలు గ్రంథాలయానికి పోతాను, చదువుతాను. పుస్తకం నన్ను చెడగొట్టలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని రాతిలో కూడా ఉండితీరాలని పట్టుబట్టింది నేనే. నా వృత్తి నాకు నేర్పింది, ఉన్నదాన్ని కనబడేలా చేయడం. అది ఏముందో ముందే తెలిసిన చోట పనికివచ్చే విద్య. ఏముందో తెలియని చోట చెత్త అని ఏదీ ఉండదు. ఆ జీవి లోకాన్ని కంటితో చూసి ఏమనుకుందో చెప్పగలిగిన మరక, ఉంటే, ధర్మపురిలో ఒక మధ్యాహ్నం నా ఊపిరికి లేచిపోయింది. లేకపోతే, లేదనే సంగతి కూడా దానితోనే పోయింది.